కార్డు మీద భార్య

కాటా మేస్త్రి భార్య చనిపోయేనాటికి ఇంకొకరి భార్య. ఆమెను తన భార్య అని చెప్పుకున్నవాడు మేస్త్రి తోడల్లుడు. అలా చెప్పుకుని, దేశం కాని దేశంలో, ఆసుపత్రి మంచం మీద ఆమెను పోగొట్టాడు. ఇందులో తర్కానికి చోటు లేదు. మేస్త్రి ఈ సంగతి రెండేళ్ళుగా ఎవరితోనూ అనలేదు, ఎవరినీ అడగలేదు. ఒకసారి తూచి ముద్ర వేసిన రాయిని అతను మళ్ళీ తూచడు.

కథ తెలిసినవాళ్ళకు గుర్తు చేయడానికి, తెలియనివాళ్ళకు చెప్పడానికి రెండు ముక్కలు. మేస్త్రికి ఒక్కతే కూతురు. కాళ్ళు విరిగి కట్లు విప్పించుకున్నవాళ్ళకు మళ్ళీ నడక నేర్పడం ఆమె ఉద్యోగం. రోజంతా మొండివాళ్ళతో గడిపే పని కనుక ఇంట్లో తండ్రి ఆమెకు కొత్తగా అనిపించడు. అమ్మ పోయిన ఊరు ఒక్కసారి చూసి వస్తానంది. వద్దన్నాడు. ఆమె మారుమాట్లాడలేదు, సెలవు మాత్రం పెట్టుకుంది. ప్రయాణానికి పనికొచ్చే క్రెడిట్ కార్డు ఒకటి తీసుకుంటున్నానని, ఏది మంచిదో బాబాయిని అడిగానని, ఆదివారం మధ్యాహ్నం పిన్నీ బాబాయీ షాపుకే వస్తున్నారని చేతులు తుడుచుకుంటూ చెప్పింది. భార్య పోయాక తోడల్లుడు ఆ షాపు మెట్టు ఎక్కడం అదే మొదలు. మేస్త్రి చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కిందపడిన చోట కిందటి వారం ఆగాం.

ఆదివారం వచ్చింది.

మేస్త్రి షట్టరు సగం దించి, బల్ల మీద బంగారం దుకాణం వాళ్ళు బాగుచేయమని ఇచ్చిన కాటా పెట్టుకున్నాడు. అది చుట్టూ అద్దాల పెట్టె ఉన్న బుల్లి కాటా. అద్దం తెరిచి ఉంటే మనిషి ఊపిరికి కూడా అంకెలు కదులుతాయి. ఆ పని తొందర పనేమీ కాదు. వచ్చినవాడు తనను ఖాళీగా చూడకూడదు, అంతే. గోడకు చిన్నవీ పెద్దవీ స్ప్రింగులు వేలాడుతున్నాయి. మూలన చేపల దుకాణం కాటా తుప్పు కక్కుతూ పడుంది. అలమారులో పడికట్టు రాళ్ళు, చెయ్యి తగిలితే తూకం మారుతుందని మెత్తటి గుడ్డలో చుట్టి ఉన్నాయి. గోడకున్న పాత ఫోను మీద ఆయిల్ మరకలు. అరిగిపోయిన కుర్చీలు నాలుగు ఉంటే, వాటిలో ఊగనిది వెతికి తను వేసుకున్నాడు. తరువాత అద్దంలో చూసుకుని తల దువ్వుకున్నాడు. దువ్వుకున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండి మళ్ళీ చెరుపుకున్నాడు.

ఈ మంట నిన్నా మొన్నా పుట్టింది కాదు.

తోడల్లుడు పళ్ళ డాక్టర్లకు కుర్చీలు అమ్మే కంపెనీలో తిరుగుడు ఉద్యోగి. లోకంలో అందరి నోళ్ళూ తెరిపించే కుర్చీలు అమ్ముతాడు కానీ, తను కూర్చున్న చోట ఇంకొకరికి నోరు తెరిచే సందు ఇవ్వడు. ఏ ఊరు వెళ్ళినా ఏం కొన్నా ఒక కార్డు గీకడం, పాయింట్లు కూడబెట్టడం, ఆ పాయింట్ల మీద ఉచితంగా విమానం ఎక్కడం. మేస్త్రి కూతురు చిన్నప్పుడే అతనికి పాయింట్ల బాబాయి అని పేరు పెట్టింది. అతను దానికి సంబరపడ్డాడు. అలాంటి మనిషి.

ఆ పాయింట్ల కోసం రెండు ఇళ్ళకూ కలిపి ఒక పద్ధతి పెట్టాడు. ఎవరు ఎక్కడికి వెళ్ళినా టికెట్టు అతని కార్డు మీదే కొనాలి. డబ్బు తరువాత చేతికివ్వాలి. పాయింట్లన్నీ ఒక్కచోట పోగైతే అందులోంచి వంతులవారీగా ఒకరు ఉచితంగా తిరిగి రావచ్చు. అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఈ ఏర్పాటు తెగ నచ్చింది. ఆఖరికి మేస్త్రి స్ప్రింగులు కొనడానికి పక్క ఊరు వెళ్ళే బస్సు టికెట్టు కూడా తోడల్లుడి కార్డు మీదే. తన డబ్బుతో తను బస్సెక్కుతూ, ఇంకొకడి దయ మీద వెళుతున్నట్టు కిటికీ పక్కన కూర్చునేవాడు. భార్య మాత్రం ఇంటికి రాగానే మన పాయింట్లు ఇన్నయ్యాయి అని చెప్పేది. మన పాయింట్లు. షాపును ఎన్నడూ మన షాపు అనలేదు. మీ షాపు అనేది.

ఇంకొకటి కూడా అతనికి గుర్తుంది. ఒకసారి తోడల్లుడు చక్రాల పెట్టె లాక్కుంటూ వచ్చాడు. ఆమె గుమ్మంలో నిలబడి చూసి, మరిదిగారి పెట్టె చూశారా, చప్పుడే చేయదు అంది. అంతే అంది. ఆ మాట మేస్త్రి పక్కటెముకల్లో ఇరుక్కుని ఉండిపోయింది. అప్పటినుంచి తను ఏ వస్తువు కదిలించినా ఎంత చప్పుడవుతోందో వినబడసాగింది.

మంచు చూడాలని ఆమెకు కోరిక. ఒక టికెట్టు కొంటే పక్కవాళ్ళకు రెండోది ఉచితమని తోడల్లుడి కార్డు మీద ఒక అవకాశం వచ్చింది. మీరూ నేనూ వెళదామా అని ఆమె ముందు మేస్త్రినే అడిగింది. వాడి కార్డు మీద వచ్చే మంచు నాకక్కర్లేదన్నాడు. అయితే చెల్లితో వెళతానంది. వెళ్ళింది. మంచు చూసింది. మర్నాడు గుండె పట్టేసింది.

షట్టరు కింద నుంచి ముందు కూతురి బూట్లు కనబడ్డాయి. వెనకాల మరదలి చెప్పులు, ఆ వెనక తోడల్లుడి నల్లబూట్లు. అతను వంగి లోపలికి వచ్చేటప్పుడు నడుం పట్టుకున్నాడు. చిక్కిపోయాడు. తలకు రంగు మానేశాడు. చక్రాల పెట్టె లేదు, చంకలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. మేస్త్రి ఇవన్నీ ఒక్క చూపులో చూసుకుని, ఒక్కదానికీ జాలి పడలేదు.

"బాగున్నారా అన్నయ్యా" అన్నాడు తోడల్లుడు.

ఊ అన్నాడు మేస్త్రి, కాటా వైపు చూస్తూ.

మరదలు ఊగే కుర్చీలో కూర్చుంది. ఆమె గడ్డం అచ్చం అక్క గడ్డం. అందుకే మేస్త్రి ఆమె ముఖంలోకి సూటిగా చూడడం ఏనాడో మానుకున్నాడు. కూతురు టీ పోసింది. తోడల్లుడు సంచిలోంచి మూడు కార్డుల తాలూకు కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. పరచడానికి చోటు కావాలని కాటాను కొద్దిగా జరపబోయాడు. మేస్త్రి దాని మీద చెయ్యి వేశాడు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మొదటి కార్డు మెరుపులాంటిది. గీకినప్పుడల్లా రెట్టింపు పాయింట్లు, విమానాశ్రయంలో మెత్తటి సోఫాల గదిలోకి ఉచితంగా రానిస్తారు, అక్కడ తిన్నంత తిండి. రెండోది కూడా దాని చెల్లెలే, కాకపోతే ఏడాదికి కట్టాల్సింది తక్కువ. మూడోదాని కాగితం చూడ్డానికే ఏడుపు ముఖంలా ఉంది. పాయింట్లు అంతంత మాత్రం. సోఫాలు లేవు.

కూతురు మొదటిదాన్ని పైకెత్తి, బాబాయికి ఇష్టమైంది ఇదే అయ్యుంటుందని నవ్వింది. తోడల్లుడు తల అడ్డంగా ఊపాడు.

"పాయింట్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకమ్మా. ముందు ఈ మూడోదాని వెనకవైపు చదువు."

"పాయింట్ల బాబాయి పాయింట్లు వద్దంటున్నాడే. పిన్నీ, జ్వరమేమైనా తగిలిందా ఈయనకి?"

పిన్ని నవ్వలేదు. బాబాయి వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించుకుంటూ పోయాడు. బీమా ఉంది అని రాస్తే సరిపోదు. విమానం కూలితే డబ్బిస్తామనే బీమా అన్ని కార్డులూ ఇస్తాయి, ఎందుకంటే విమానాలు కూలవు. పరాయి దేశంలో జబ్బు పడితే ఆసుపత్రి ఖర్చు ఎవరిదో చూడాలి. మనిషిని మంచంతో సహా ఇంటికి తీసుకురావాలంటే ప్రత్యేకంగా విమానం పెడతారో లేదో చూడాలి. రానూపోనూ టికెట్టు మొత్తం ఆ కార్డు మీదే కొంటేనే అదంతా చెల్లుతుంది, సగం ఇంకో కార్డు మీద కొన్నావో నీళ్ళలో పోసినట్టే. పాత జబ్బులుంటే ముందే చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, కార్డు ఎవరి పేరున ఉందో వాళ్ళకీ, వాళ్ళ సొంతవాళ్ళకీ తప్ప మిగతావాళ్ళకు పైసా రాదు. అందుకే ఇంటికి ఒక్క కార్డు అనే పద్ధతి తను ఎప్పుడో ఎత్తేశానని, ఎవరి ప్రయాణం వాళ్ళ కార్డు మీదే ఉండాలని అన్నాడు.

బాగా చెప్పాడు. అది మేస్త్రికి మరీ కడుపుమంటగా ఉంది. వెర్రిమొర్రిగా చెప్పి ఉంటే వినడానికి హాయిగా ఉండేది. కూతురు మోచేతులు బల్ల మీద ఆనించి, కింది పెదవి పళ్ళ మధ్య పెట్టుకుని వింటోంది. అది తల్లి పోలిక. వాళ్ళమ్మ కూడా ఇలాగే వినేది, ఈ మనిషి చెబుతుంటేనే. రాళ్ళ తూకంలో వెంట్రుకంత తేడా ఎలా పట్టుకోవాలో మేస్త్రి చెప్పబోతే, మాటల మధ్యలో లేచి వెళ్ళి పొయ్యి మీద పాలు చూసి వచ్చేది. పాలు ఎప్పుడూ పొంగలేదు.

"ఈ మూడోది నా పాత కార్డు వాళ్ళదే" అన్నాడు తోడల్లుడు. "వాళ్ళు మహా గట్టివాళ్ళు. ఒకటికి రెండుసార్లు ఫోన్లు చేసి సరిచూసుకుంటారు. అయినా చెప్పింది చేస్తారు."

కూతురు కాగితాలు మడిచింది. "నిన్న ఫోన్లో నువ్వు చెప్పగానే ఇదే ఖాయం చేసుకున్నా బాబాయ్. పొద్దున్నే దరఖాస్తు కూడా పెట్టేశాను. ఇవాళ్టికి ఇవాళే సరిచూసుకుని కార్డు మంజూరు చేస్తారట. ఆదివారాలు కూడా లేవట వాళ్ళకి."

మేస్త్రి కాటా అద్దం మూసి, మళ్ళీ తెరిచాడు. నిన్న ఫోన్లో. పొద్దున్నే. అంటే అంతా అక్కడే అయిపోయింది. ఇక్కడ ఈ మూడు కాగితాలూ పరచడం, కూతురు ఏమీ తెలియనట్టు అడగడం, అంతా తన కోసం. పెళ్ళివారు ముహూర్తం పెట్టుకున్నాక ముసలాయనను కూడా అడిగామనిపించుకోవడానికి వస్తారే, అలా వచ్చారు.

"బాగుంది" అన్నాడు. వాళ్ళు వచ్చినప్పటినుంచి ఊ అనడం తప్ప అతను నోరు తెరవడం అదే. "ఇంత శ్రమెందుకు? ఈసారి దీన్ని నీ కూతురని చెప్పేస్తే పోయేదిగా."

టీ గ్లాసు పెదవుల దగ్గర ఆగిపోయింది తోడల్లుడికి.

"నాన్నా" అంది కూతురు.

"నా పెళ్ళాన్ని నీ పెళ్ళాం అని చెప్పినవాడివి. నా కూతుర్ని నీ కూతురని చెప్పడం నీకెంతపని?"

అద్దం తెరిచి ఉన్న కాటా మీద చివరి అంకె ఒక్కటే పైకీ కిందికీ కొట్టుకుంటోంది. రెండేళ్ళుగా లోపల దాచుకున్న మాట బయటికి వచ్చాక తేలిక పడతాననుకున్నాడు మేస్త్రి. పడలేదు. ఎందుకంటే తోడల్లుడి ముఖంలో తప్పు చేసినవాడి రంగు రాలేదు. ఆశ్చర్యం వచ్చింది.

"ఈ మాట మీకెవరు చెప్పారన్నయ్యా?"

"ఎవరు చెబితే ఏం? అన్నావా లేదా?"

"నేను అనలేదు" అన్నాడు తోడల్లుడు. "ఆ రోజు నేను అక్కడ లేను కూడా. కుర్చీల పని మీద వేరే ఊళ్ళో ఉన్నాను."

అప్పుడు మరదలు మాట్లాడింది. ఆమె గొంతు పెంచలేదు. "అక్క అంది బావా. అక్కే అంది."

అక్కడినుంచి ఆమె చెప్పిందంతా తలుపు వైపు చూస్తూ చెప్పింది. మంచులోంచి ఆసుపత్రికి ఎలా తీసుకెళ్ళారో, భాష రాని నర్సులు అక్క చెయ్యి ఎంత మెత్తగా పట్టుకునేవారో చెప్పింది. డాక్టరు అక్కడ చెయ్యాల్సింది చేశాడు. ఇక మీ దేశం తీసుకెళ్ళొచ్చు, కానీ మామూలు విమానంలో కాదు, మంచం, డాక్టరు, గాలి యంత్రం ఉన్న విమానం కావాలి అన్నాడు. ఆ ఖర్చు విని తనకు కళ్ళు తిరిగాయంది. ఇక్కడ ఈయన ఉన్న ఇల్లు అమ్మకానికి పెట్టేశాడట. ఇల్లు అమ్ముడయ్యే లోపల అక్క ఉంటుందో లేదో తెలియదు. అప్పుడు కార్డు సంగతి గుర్తుకొచ్చింది. టికెట్టు ఈయన కార్డు మీద కొన్నదే కదా అని వాళ్ళకు ఫోన్ చేస్తే, కార్డుదారుకి, భార్యకి, పిల్లలకి మాత్రమే విమానం పెడతాం, ఆమె మీ ఆయనకు ఏమవుతుంది అని అడిగారు. తను వదిన అనబోయింది. అక్క మంచం మీదినుంచి చెయ్యి చాచి ఫోన్ లాక్కుంది.

"భార్యను అని చెప్పింది బావా. నేను పక్కన నిలబడి, పేషెంటు చెల్లెల్ని అని చెప్పాను. ఫోన్ పెట్టేశాక నా వైపు చూసి నవ్వింది. రెండ్రోజులకు మొగుణ్ణి మార్చుకుంటానే, ఇంటికెళ్ళాక నీ మొగుణ్ణి నీకిచ్చేస్తాలే అంది. మీ బావకు మాత్రం ఇప్పుడే చెప్పకు, ఉడుక్కుంటాడు, నేనే వెళ్ళి చెప్పి నవ్విస్తాను అంది."

కూతురు చేతిలోని కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. ఈ సంగతి ఆమెకూ కొత్తే.

విమానం పెడతామని వాళ్ళు ఒప్పుకున్నారట. మర్నాడు పొద్దున్నే బయల్దేరడం అనుకున్నారు. అక్క తల దువ్వించుకుంది. ఆ మఫ్లర్ మీ బావకని కొన్నాను, పెట్టెలో అడుగున పెట్టెయ్యకు, చేతి సంచిలో పెట్టు అంది. మధ్యాహ్నం దాటాక ఫోన్ వచ్చింది. సరిచూసుకోవడానికి టికెట్టులో ఇచ్చిన ఇంకో నంబరుకు ఫోన్ చేశాం, ఆమె కార్డుదారు భార్య కాదని అక్కడివాళ్ళు చెప్పారు, విమానం పెట్టడం కుదరదు అన్నారు. ఏ నంబరు అంటే చెప్పలేదు. ఎవరు చెప్పారంటే చెప్పలేదు. అక్కకు ఆ మాట చెప్పకుండా, పొగమంచు వల్ల విమానం ఆలస్యం అని చెప్పాను అంది మరదలు. ఆ ఆలస్యంలోనే పోయింది.

"ఎవరో చెప్పారు బావా. ఈయన ఆఫీసు వాళ్ళో, ఈయనంటే పడనివాళ్ళో. ఒక్క ముక్క, అవును అంటే పోయేదానికి, కాదన్నారు. వాడెవడో కానీ, ఆ నోరు పడిపోవాలని రోజూ లేవగానే తిట్టుకుంటాను. తిట్టుకోకపోతే నాకు రోజు మొదలవదు."

తోడల్లుడు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ రోజే కార్డు రెండు ముక్కలు చేసి పారేశానని, ఆ పాయింట్లన్నీ అలాగే పోనిచ్చానని, ఈ సంగతి మేస్త్రికి చెప్పకూడదని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నామని, అసలే ఆయనకు తనంటే గిట్టదని తెలుసునని నేలవైపు చూస్తూ చెప్పాడు. చెప్పి మళ్ళీ అదే అడిగాడు, ఈసారి మెల్లగా. "మేమిద్దరం ఎవరికీ చెప్పలేదన్నయ్యా. మరి మీకెలా తెలిసింది?"

గోడకున్న ఫోను వైపు చూడకుండా ఉండడానికి మేస్త్రికి మెడంతా బిగుసుకుపోయింది.

రెండేళ్ళ కిందటి ఆ మధ్యాహ్నం అతనికి నిన్నటిలా ఉంది. భార్య అక్కడ మంచం మీద. తనకు పాస్‌పోర్టు లేదు, దాని కోసం పెట్టిన కాగితాలు ఎక్కడో నలుగుతున్నాయి. ఇక్కడ తను చేపల కాటా ముందు కూర్చుని, అక్కడ ఆమె చుట్టూ ఎవరెవరున్నారో ఊహించుకుంటున్నాడు. తోడల్లుడు కూడా వెళ్ళి ఉంటాడని, చప్పుడు చేయని ఆ పెట్టె ఆమె మంచం పక్కనే ఉంటుందని అనుకుంటున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది. మర్యాదగల గొంతు ఒకటి తోడల్లుడి పేరు చెప్పి, భార్య పేరు చెప్పి, ఆమె ఆయన భార్యే కదండీ, ఒకసారి సరిచూసుకుంటున్నాం అంది. ఎందుకని అతను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవారు. ఎవడండీ ఆ కూత కూసింది, ఆమె మొగుణ్ణి నేను, బతికే ఉన్నాను, ఈ షాపులోనే ఉన్నాను, రాసుకోండి అని అరిచాడు. వాళ్ళు రాసుకున్నారు. ధన్యవాదాలు కూడా చెప్పారు. ఫోన్ పెట్టేశాక ఎన్నాళ్ళకో గుండె నిండా గాలి పీల్చుకున్నట్టయింది. ఆ పూట కడుపునిండా తిన్నాడు.

ఇప్పుడు ఆ అన్నం గొంతు దాకా వచ్చింది.

అయినా లోపలి కాటాకు ఇంకో పళ్ళెం ఉంది, అది ఇంకా దిగలేదు. ఇంటికి రావాలని అబద్ధమాడింది, నిజమే. తన దగ్గరికే రావాలనుకుంది, నిజమే. కానీ ఆడిన అబద్ధంలో ఆ మనిషి పేరే దొరికింది ఆమెకు. ఆ మాటంటూ నవ్వింది. ఆమె ఆఖరి నవ్వు మరదలు చూసింది. ఆఖరి అబద్ధం తోడల్లుడి పేరు మీద ఆడింది. తన వంతుకు ఒక మఫ్లర్ వచ్చింది. అది కూడా ఇంటికి రాలేదు.

"నాన్నా, కాస్త నీళ్ళు తాగు" అంది కూతురు. ఆమె కళ్ళు తడిసి ఉన్నాయి. పేషెంటు మొదటి అడుగు వేసేముందు చంక కింద చెయ్యి పెట్టినట్టు అతని మోచేయి పట్టుకుంది. అతను విదిలించుకోలేదు. ఆమె ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు తోడల్లుడు చూస్తున్నాడా లేదా అని మాత్రం ఓరగా చూశాడు. చూస్తున్నాడు. ఆ దిక్కుమాలిన క్షణంలో కూడా అతనికి అది కాస్త బాగనిపించింది.

గోడకున్న ఫోన్ మోగింది.

మేస్త్రి లేవలేదు. అది మోగుతూనే ఉంది. కూతురు కళ్ళు తుడుచుకుని, కార్డువాళ్ళయి ఉంటారు నాన్నా అంది.

"నీ షాపు నంబరే ఇచ్చాను. ఇంకో సంగతి నీకు చెప్పలేదు, కోప్పడకు. ఆ మూడో కార్డుకి అమ్మానాన్నలను కూడా చేర్చుకోవచ్చు. అందుకే అది తీసుకున్నా. నిన్ను చేర్చాను. అప్పుడు ఆలస్యంగా వచ్చిన పాస్‌పోర్టు ఉందిగా, నీకూ టికెట్టు కొంటాను. మనిద్దరం వెళుతున్నాం. వాళ్ళు అడిగేది ఒక్కటే, నేను నీకు ఏమవుతానని. చెప్పు చాలు."

మేస్త్రి లేచాడు. ఫోన్ దాకా ఆ నాలుగడుగులూ కట్లు విప్పిన కాళ్ళతో నడిచినట్టు నడిచాడు. ఎత్తాడు.

మర్యాదగల గొంతు. అదే గొంతో కాదో తెలియదు, అన్నీ అలాగే ఉంటాయి. కాటా షాపేనా అంది. అవునన్నాడు. కూతురి పేరు చెప్పి, మీకు ఏమవుతారండీ అంది.

"కూతురు" అన్నాడు మేస్త్రి. "నా కూతురు."

వెనక కుర్చీలో కూతురు ముక్కు ఎగబీల్చి నవ్వడం వినబడింది. అవతలి గొంతు చాలా సంతోషమంది. ఏదో నొక్కిన చప్పుడు. తరువాత, ఒక్క నిమిషమండీ, ఇదే నంబరు మా దగ్గర ఒక పాత ఫైలులో కూడా ఉంది, రెండేళ్ళ కిందట ఒక పేషెంటును విమానంలో తీసుకురావడానికి సంబంధించి, అప్పుడు ఆమె భర్తనని మాట్లాడింది మీరేనాండీ, నమోదు సరిచేసుకోవాలి అంది.

బల్ల మీద కాటా అద్దం తెరిచే ఉంది. మరదలు ఊగే కుర్చీ ఊగడం మానేసింది.

మేస్త్రికి రిసీవరు చెవి దగ్గర వేడెక్కింది. అవును అంటే ఒక మాట. కాదు అంటే ఒక మాట. రెండూ అతని నోట్లోకి వచ్చి నిలబడ్డాయి.

"ఆ సంగతి నేను మాట్లాడను" అన్నాడు. "ఇవాళ కాదు. ఎప్పుడూ కాదు. మీతో కాదు, ఎవరితోనూ కాదు."

ఫోన్ పెట్టేశాడు. వెనక్కి తిరగలేదు. అప్పుడు మరదలు లేచి నిలబడింది. కుర్చీ ఒక్కసారి కిర్రుమంది.

"ఏ సంగతి బావా?"

మేస్త్రి గోడ వైపు తిరిగే, స్ప్రింగుల్లో చిన్నదాన్ని వెతుకుతున్నట్టు చెయ్యి పైకెత్తాడు.

"మాట్లాడనన్నానుగా. ఆ సంగతి ఇక నా నోట రాదు. నేను పోయేదాకా రాదు."